సౌత్ జార్జియాలో మోకాలు నేలకు ఆనించకుండా: పెంగ్విన్లు, సీళ్ల ఫోటోల కోసం కట్టిన కర్ర డైరీ

ఈ డైరీ ఒక్క సమస్య గురించి. పెంగ్విన్, సీల్ ఫోటోకి ప్రాణం కంటి ఎత్తులో ఉంటుంది. అంటే కెమెరా నేలకు బాగా దగ్గరగా ఉండాలి. మామూలుగా అయితే బోర్లా పడుకుంటాం, పని అయిపోతుంది. దక్షిణ అట్లాంటిక్ దీవి సౌత్ జార్జియాలో ఇప్పుడు పడుకోవడం, కూర్చోవడం, మోకరిల్లడం, చివరికి బ్యాగు కింద పెట్టడం కూడా నిషేధం. కారణం బర్డ్ ఫ్లూ. 2023 అక్టోబర్‌లో ఆ దీవుల్లో మొదట స్కువా పక్షుల్లో బయటపడింది, తర్వాత సీళ్లకూ పాకింది. మూడు పెద్ద కాలనీల్లో పిల్లల్ని కనే ఆడ ఎలిఫెంట్ సీళ్లు 2022తో పోలిస్తే 2024 నాటికి 47 శాతం తగ్గాయని డ్రోన్ సర్వే తేల్చింది. ఆ అంకె చదివాక ఈ నిబంధన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా మోకాలికి అంటిన రెట్ట ఇంకో బీచ్‌కి చేరకూడదు.

కాబట్టి ప్రశ్న: నిలబడి ఉండి, 5 మీటర్ల అవతలి నుంచి, కెమెరాను 30 సెంటీమీటర్ల ఎత్తులో ఎలా పట్టుకోవాలి? దీనికోసం ఒక కెమెరా కర్ర మూడు వెర్షన్లు కట్టాను. రెండు పనికిరాలేదు.

దశ 1: బయల్దేరక ముందు లెక్కలు

ముందు లెన్సు సంగతి తేల్చుకోవాలి. చాలా మంది దూరాన్ని బాగా దగ్గరగా చూపే 600 మి.మీ. లెన్సు మోసుకెళ్తారు. 5 మీటర్ల దూరానికి ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సర్) కెమెరాలో ఎంత పడుతుందో నేను కాగితం మీద వేసుకున్నాను. సెన్సర్ వెడల్పు 36 మి.మీ.ని దూరంతో గుణించి, లెన్సు మి.మీ.తో భాగిస్తే చాలు.

1. 100 మి.మీ.: 1.8 మీ. పొడవు, 1.2 మీ. వెడల్పు
2. 200 మి.మీ.: 90 సెం.మీ., 60 సెం.మీ.
3. 400 మి.మీ.: 45 సెం.మీ., 30 సెం.మీ.

కింగ్ పెంగ్విన్ ఎత్తు దాదాపు 90 సెం.మీ. అంటే 200 మి.మీ. లెన్సు నిలువుగా పట్టుకుంటే 5 మీటర్ల దగ్గర పక్షి తల నుంచి పాదం దాకా ఫ్రేము నిండిపోతుంది. 400 అయితే తల, మెడ మాత్రమే. ఇక మగ ఎలిఫెంట్ సీల్ 5 మీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని 10 మీటర్ల నుంచి తీసినా 70 మి.మీ. చాలు. ఈ మూడు లెక్కలతోనే 70-200 నా మెయిన్ లెన్సు అయింది. 100-400 రెండోది. 600 వదిలేశాను.

రెండో లెక్క ఫోకస్ లోతు. 5 మీటర్ల దగ్గర 400 మి.మీ., ఎఫ్/5.6 (లెన్సు రంధ్రం సైజు, అంకె పెరిగితే ఫోకస్ లోతు పెరుగుతుంది) పెడితే ఫోకస్‌లో ఉండేది కేవలం 5 సెం.మీ. మందం. కింగ్ పెంగ్విన్ ముక్కు పొడవే పన్నెండు సెంటీమీటర్లు దాటుతుంది. కన్ను స్పష్టంగా ఉంటే ముక్కు కొన మసక. 200 మి.మీ. దగ్గర అదే ఎఫ్/5.6కి 21 సెం.మీ. వస్తుంది, సరిపోతుంది. అందుకే 400 మీద ఎఫ్/11 అని ముందే రాసి పెట్టుకున్నాను. దీవిలో దిగాక ఆ ఒక్క చీటీ చాలా ఫోటోల్ని కాపాడింది.

వెర్షన్ 1: తలకిందుల మోనోపాడ్

ఆలోచన సులభం. మోనోపాడ్‌ని (ఒంటి కాలి కెమెరా స్టాండ్) తిరగేసి చేత్తో పట్టుకుని, కింది కొసన బాల్ హెడ్ (ఎటైనా తిరిగే బిగింపు), దానికి కెమెరా. బరువులు:

1. బాడీ 0.7 కిలో
2. 100-400 లెన్సు 1.6 కిలో
3. మోనోపాడ్ 0.5 కిలో
4. బాల్ హెడ్, ప్లేటు, సేఫ్టీ తాడు 0.3 కిలో

మొత్తం 3.1 కిలోలు. ఇంటి వరండాలో స్టాప్‌వాచ్ పెట్టుకుని పట్టుకున్నాను. నాలుగు నిమిషాలకి ముంజేయి వణకడం మొదలైంది. పైగా కెమెరా లోలకంలా ఊగుతోంది. బాల్ హెడ్ స్క్రూ ఎంత బిగించినా లెన్సు బరువుకి ప్లేటు మెల్లగా తిరిగిపోతోంది. పది నిమిషాల్లో క్షితిజం 11 డిగ్రీలు ఒరిగింది.

మార్పులు: 100-400 తీసేసి 70-200 పెట్టాను, బరువు 2.3 కిలోలకు దిగింది. ప్లేటు మార్చి, తిరగకుండా అంచు ఉన్న ఎల్ ఆకారపు ప్లేటు వేశాను. భుజం మీదుగా వెడల్పాటి పట్టీ కట్టి బరువు భుజానికి మళ్లించాను. కెమెరా పక్కభాగాన్ని కాలి పిక్కకి ఆనిస్తే ఊగడం సగానికి సగం తగ్గింది. ఇది వెర్షన్ 2. దీంతోనే ఓడ ఎక్కాను. ఇప్పుడు చూస్తే అక్కడే తొందరపడ్డాను. వరండాలో గాలి లేదు, తడి లేదు, గ్లవ్స్ లేవు. ఇలాంటిది కట్టేవాళ్లు కనీసం ఒక్కసారి తడి గ్లవ్స్‌తో, గాలిలో గంటసేపు పట్టుకుని చూడండి.

దశ 2: ఓడ మీద, శుభ్రత

ఫాక్‌లాండ్స్ నుంచి సౌత్ జార్జియాకి దాదాపు 1,400 కిలోమీటర్లు. రెండు రోజుల పైచిలుకు సముద్రం. ఈ రెండు రోజుల్లో ఎవరూ ఖాళీగా కూర్చోరు. బట్టలు, బూట్లు, బ్యాగులు, ట్రైపాడ్లు అన్నీ వాక్యూమ్ చేసి, సూదిమొన లాంటి వాటితో కుట్ల మధ్య, జేబుల మూలల్లో వెతికి శుభ్రం చేయాలి. ఒక్క గడ్డి గింజ, ఒక్క మట్టి గడ్డ కూడా దీవి మీదికి వెళ్లకూడదు. ఇంత పట్టుదల ఎందుకో ఆ దీవి చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. ఓడల్లో వచ్చిన ఎలుకలు అక్కడి పక్షుల గుడ్లని, పిల్లల్ని రెండు శతాబ్దాల పాటు తిన్నాయి. వాటిని పూర్తిగా నిర్మూలించి, దీవి ఎలుకల్లేనిదని ప్రకటించింది 2018లో. అంత కష్టపడి సాధించినదాన్ని నా బ్యాగు జిప్పు పాడు చేయకూడదు.

నా కర్ర ఇక్కడే మొదటిసారి ఫెయిల్ అయింది. భుజం పట్టీకి, లెన్సు తొడుగుకి వెల్‌క్రో వాడాను. నలభై నిమిషాలు పట్టకారుతో పీకినా ఆ కొక్కేల మధ్య నుంచి దారాలు, నూగు వస్తూనే ఉన్నాయి. చివర్లో లైటు కింద చూస్తే ఒక గడ్డి గింజ. ఇంటి దగ్గరిదో, దారిలోదో తెలీదు. గుండె జారిపోయింది.

మార్పులు:

1. వెల్‌క్రో మొత్తం కత్తిరించి పారేశాను.
2. దాని చోట ప్లాస్టిక్ బకిల్స్, కేబుల్ టైలు.
3. స్క్రీన్‌కి నీడ కోసం అతికించిన ఫోమ్ ముక్క తీసేశాను. చిల్లులున్నది ఏదీ పూర్తిగా శుభ్రపడదు.
4. గుడ్డ పట్టీ బదులు తుడిస్తే పోయే రబ్బరు పూత పట్టీ.

ఈ పనికి పట్టిన సమయం 5 గంటలు. ఇంట్లోనే చేసి ఉంటే గంటలో అయ్యేది.

ఈ రెండు రోజుల్లో ఇంకో పాఠం. డెక్ మీద ఆల్బట్రాస్‌లు తీసి, చల్లగా ఉన్న కెమెరాని సరాసరి క్యాబిన్‌లోకి తెచ్చాను. లెన్సు లోపలి గాజు మీద మంచు పట్టినట్టు తేమ పేరుకుంది. ఆరడానికి మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత నుంచి డెక్ మీదే కెమెరాని జిప్ బ్యాగులో వేసి, గాలి పిండేసి, మూసేశాకే లోపలికి తెచ్చాను. రెండు గంటలు ముట్టుకోలేదు. కార్డు మాత్రం డెక్ మీదే ముందుగా తీసి జేబులో వేసుకోవాలి. లేదంటే ఫోటోలు చూడాలన్న ఆత్రంలో బ్యాగు తెరిచేస్తాం. నేను ఒకసారి తెరిచాను.

దశ 3: మొదటి ల్యాండింగ్, సాల్స్‌బరీ ప్లెయిన్

గాలి గంటకు 25 కిలోమీటర్లు, 3 డిగ్రీలు, మబ్బు. జోడియాక్ రబ్బరు పడవ నుంచి మోకాలి లోతు నీళ్లలో దిగడం. బ్రీఫింగ్‌లో మాకు చెప్పిన దూరాలు: పెంగ్విన్లకు 5 మీటర్లు, ఫర్ సీళ్లకు 15, పెద్ద మగ ఎలిఫెంట్ సీళ్లకు ఎంత వీలైతే అంత. మీ ట్రిప్‌లో ఏం చెబితే అదే పాటించండి, సీజన్‌ని బట్టి మారుస్తారు.

మొదటి తప్పు దిగిన పది నిమిషాలకే జరిగింది. కెమెరా కర్ర చివర ఉంది కదా అని దాన్ని ముందుకి చాచాను. నేను 5 మీటర్లలో ఉన్నాను, కెమెరా నాలుగు లోపే. గైడ్ నెమ్మదిగా పక్కకి వచ్చి, "దూరం మీ బూటు నుంచి కాదండీ, మీ చేతిలో ఉన్నదాని చివరి నుంచి కొలవాలి" అన్నారు. నిజమే. పక్షికి నా చేయేదో, కర్రేదో తేడా ఏముంటుంది? ముందుకు వస్తున్నది ఏదైనా ముందుకు వస్తున్నదే. అప్పటి నుంచి కర్ర నిలువుగా, ఒంటికి ఆనించే. కర్ర పని కెమెరాని కిందికి దించడం. ముందుకు తోయడానికి అది ఉన్నది కాదు.

రెండో ఇబ్బంది ఫోకస్. పక్షి కన్ను గుర్తించే మోడ్ మీద నమ్మకం పెట్టుకున్నాను. కింగ్ పెంగ్విన్ తల నల్లన, కన్ను ముదురు గోధుమ. నల్లదానిలో నల్లది. చెవి దగ్గర నారింజ రంగు మచ్చ మాత్రం దీపంలా వెలుగుతుంది. కెమెరా ఆ మచ్చనే కన్ను అనుకుంది. పైగా గుంపులో ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి దూకుతూనే ఉంది. 486 కింది కోణం ఫోటోల్లో కన్ను స్పష్టంగా ఉన్నవి 31.

మూడోది ఎక్స్‌పోజర్. ముదురు రంగు గులకరాళ్లు, తడిసిన నల్లటి వీపులు ఫ్రేము నిండా ఉంటే కెమెరా వెలుతురు చాలదనుకుని పెంచేస్తుంది. తెల్లటి రొమ్ము సున్నం కొట్టినట్టు తేలిపోయింది, ఈకల గీత ఒక్కటీ లేదు. తెలుపు హద్దు దాటితే స్క్రీన్ మీద చారలు చూపించే సెట్టింగ్‌ని ఆన్ చేసి, మాన్యువల్‌లో రొమ్ము మీద చారలు పోయే దాకా తగ్గించాను. కెమెరా లైట్ మీటర్ చెప్పినదానికంటే మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగం) తక్కువకి వచ్చి ఆగింది.

స్క్రీన్ కూడా సమస్యే. నా కళ్లు 155 సెం.మీ. ఎత్తులో, స్క్రీన్ 30లో. మూడంగుళాల తెరని 125 సెం.మీ. దూరం నుంచి చూస్తే ఫోకస్ కాదు కదా, పెంగ్విన్ ఎటు తిరిగిందో కూడా సరిగ్గా తెలీదు. ఫోన్‌కి వైఫైతో కలిపి చూశాను. 50 నిమిషాల్లో ఫోన్ బ్యాటరీ వంద నుంచి 38కి పడిపోయింది. తడి గ్లవ్ తగిలితే తెర పలకదు.

ఈ గొడవలో అరగంట పోయాక కర్ర దించి, కాసేపు ఊరికే నిలబడ్డాను. నవంబర్‌లో, అక్కడి గత వేసవిలో పుట్టిన పిల్లలు ఇంకా గోధుమ రంగు నూగుతో, పెద్దవాటంత ఎత్తుగా ఉంటాయి. అలాంటిది ఒకటి నేరుగా నా వైపే నడిచొచ్చింది. మెడ చాచి, తల ఒక పక్కకి వాల్చి, ఒక కంటితో నా బూటుని చూసింది, తర్వాత రెండో కంటితో. దాని రొమ్ము మీద నూగు చిరిగి, కింద నున్నటి తెల్ల ఈకలు అరచేతి మేర బయటపడ్డాయి. ఈల లాంటి కూత ఒకటి వేసింది. నేను మెల్లగా వెనక్కి అడుగులు వేశాను. ఫోటో లేదు. కానీ ఒక విషయం గట్టిగా బుర్రకెక్కింది: దగ్గరకి వెళ్లాల్సిన పని నాది కాదు.

లెక్క, 1వ ల్యాండింగ్: 2 గం. 40 ని. తీసినవి 1,312. ఉంచుకున్నవి 7.

దశ 4: రాత్రి మరమ్మతు, వెర్షన్ 3

భుజం నొప్పితో నిద్ర పట్టలేదు, లేచి కర్ర విప్పాను. కెమెరా వేలాడటమే అసలు తప్పు అనిపించింది. వేలాడేది ఊగుతుంది, ఊగేదాన్ని ఆపడానికి చేతి బలమంతా పోతుంది. మోనోపాడ్‌ని మామూలుగా నిలబెట్టి, దాని కింది గొట్టానికి పక్కగా బిగింపు క్లాంపు వేసి, కెమెరాని అక్కడ పెడితే? బరువు నేల మోస్తుంది. నేను నిలువుగా పట్టుకుంటే చాలు.

నేలకి తాకేది రబ్బరు పాదం ఒక్కటే. పొద్దున్నే గైడ్‌ని అడిగాను. కర్ర నా చేతిలోనే ఉండాలి, ఎక్కడా పాతి వదిలేయకూడదు, పాదాన్ని బూట్లతో పాటు ప్రతిసారీ డిసిన్‌ఫెక్ట్ చేయాలి అన్న షరతుల మీద సరే అన్నారు.

కట్టే పద్ధతి:

1. మోనోపాడ్ పూర్తి ఎత్తు ఛాతీ దాకా. నాకు 125 సెం.మీ.
2. నేల నుంచి 28 సెం.మీ. దగ్గర బిగింపు క్లాంపు. గొట్టం మీద పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి, జారదు.
3. క్లాంపుకి చిన్న ప్లేటు, ప్లేటుకి కెమెరా. లెన్సు మధ్య రేఖ 32 సెం.మీ. ఎత్తుకు వచ్చింది.
4. కెమెరా నుంచి మోనోపాడ్ పై పిడికి సేఫ్టీ తాడు. క్లాంపు వదులైనా నేలకి తగలనంత పొట్టిగా.
5. వైర్‌లెస్ రిమోట్ బొటనవేలు అందే చోట కేబుల్ టైతో. వైరు రిమోట్ చలికి కర్రలా బిగుసుకుపోతుంది, వద్దు.
6. తిరిగే స్క్రీన్ పైకి తిప్పి, కెమెరాలోని ఎలక్ట్రానిక్ లెవెల్ ఆన్ చేయాలి.

సైకిల్ ట్యూబ్ ఓడ వర్క్‌షాప్‌లో దొరికింది, దాన్ని కూడా సబ్బుతో కడిగి చూపించాకే వాడాను.

ఫోకస్‌కి: కన్ను గుర్తించే మోడ్‌ని ఫ్రేము మధ్యలో ఒక చిన్న చతురస్రానికే పరిమితం చేశాను. గుంపులో దూకడం ఆగింది. స్క్రీన్ మీద పక్షిని ఆ చతురస్రంలో పెట్టడమే నా పని. అంచులు ఎటూ సరిగ్గా కనిపించవు కాబట్టి, చుట్టూ 15 శాతం ఖాళీ వదిలి తీసి, తర్వాత కత్తిరించుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇది కొందరికి నచ్చదు. నాకు మాత్రం పాదాలు తెగిన ఫోటో కంటే ఇదే నయం.

దశ 5: గ్రిట్వికెన్

1904లో మొదలై 1960ల మధ్యలో మూతపడ్డ తిమింగలాల వేట కేంద్రం ఇది. అంటార్కిటిక్ అన్వేషకుడు షాకిల్టన్ సమాధి ఇక్కడే. ప్రభుత్వ అధికారులు ఓడ ఎక్కి తనిఖీ చేశారు. నా కర్రని ఒక అధికారి తలకిందులు చేసి, క్లాంపు పళ్ల మధ్య టార్చి వేసి చూశారు. పాస్ అయింది. ఆ రోజు నాకు అంతకు మించిన వార్త లేదు.

తుప్పు పట్టిన బాయిలర్ల మధ్య పాలు మానిన ఎలిఫెంట్ సీల్ పిల్లలు పడుకుని ఉన్నాయి. పుట్టినప్పుడు నలభై కిలోలుండే పిల్ల దాదాపు 23 రోజుల్లో మూడింతలవుతుంది. ఆ రోజులన్నీ తల్లి తిండి లేకుండా పాలిచ్చి, పిల్లని వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మిగిలిన వారాలు పిల్లవి. అవి ఎక్కువగా నిద్రపోతాయి, కాబట్టి కొత్త కర్ర పరీక్షకి ఇంతకంటే మంచి చోటు లేదు.

వెర్షన్ 3 నిలబడింది. ఇరవై నిమిషాలు ఒకే చోట నిలబడ్డా చేయి నొప్పి లేదు. క్షితిజం ఒరుగు గరిష్ఠంగా 2 డిగ్రీలు. కొత్త లోపం ఒకటి: చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షటర్ వాడాను. పిల్ల తల విదిలించినప్పుడు సెన్సర్ వరసల వారీగా చదవడం వల్ల ముక్కు ఒక పక్కకి సాగిపోయింది, మైనం కరిగినట్టు. మెకానికల్‌కి మార్చాను. చప్పుడుకి ఏ సీలూ కన్ను కూడా తెరవలేదు.

ఫర్ సీళ్ల విషయం వేరు. నవంబర్‌లో మగవి బీచ్ మీద తమ హద్దులు కాచుకుంటూ ఉంటాయి. గడ్డి దుబ్బుల మధ్య కనపడవు, ఉన్నట్టుండి ఉరుకుతాయి. తల వంచుకుని స్క్రీన్ చూస్తూ నిలబడటం వీటి దగ్గర ప్రమాదం. నా వెనక ఒకటి 10 మీటర్లకి వచ్చేసిందని తోటి ప్రయాణికురాలు అరిస్తే గానీ తెలీలేదు. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం: కర్ర పట్టుకున్నవాళ్ల వెనక ఇంకొకరు కాపలా, పది నిమిషాలకోసారి మార్పు. ఫర్ సీళ్లని మాత్రం కర్ర మడిచి, 100-400తో, చేత్తో, దూరం నుంచే తీశాను.

లెక్క, 2వ ల్యాండింగ్: 3 గం. తీసినవి 420, ఉంచుకున్నవి 11. ఇప్పటిదాకా 5 గం. 40 ని., 1,732, 18.

దశ 6: సెయింట్ ఆండ్రూస్ బే, గాలి

దీవిలో అతి పెద్ద కింగ్ పెంగ్విన్ కాలనీ. లక్షన్నర జంటలని చెబుతారు. ఈ చోటు కోసమే వచ్చాను. గంటా పది నిమిషాలే దక్కింది.

దిగినప్పుడు గాలి లేదు. అరగంట తర్వాత వెనకనున్న హిమానీనదం మీది చల్లటి బరువైన గాలి కిందికి జారడం మొదలైంది. అయిదు నిమిషాల్లో ఇసుక ఎగరడం, పడవల దగ్గర తెల్లటి నురగ. వెనక్కి రమ్మని రేడియోలో పిలుపు. ఆ హడావిడిలో జరిగిన నష్టాలు:

1. ఇసుక మోనోపాడ్ తిప్పి బిగించే కీళ్లలోకి వెళ్లింది. కింది గొట్టం ఇక ముడవలేదు. కీలు తిప్పితే కరకరమని చప్పుడు.
2. ముందు గాజు మీద పడ్డ ఉప్పు నీటి చుక్కని పొడి గుడ్డతో తుడిచాను. దానిలో ఇసుక ఉంది. యూవీ ఫిల్టర్ మీద వెంట్రుక మందాన రెండు గీతలు. ఫిల్టర్ లేకపోతే లెన్సే పోయేది.
3. బ్యాటరీ 40 శాతం చూపిస్తూ టక్కున ఆగిపోయింది. ఓడలో లోపలి జేబులో పెట్టి వెచ్చబడ్డాక అదే బ్యాటరీ మళ్లీ 34 శాతం చూపించింది. చలికి చార్జ్ ఎక్కడికీ పోదు, బ్యాటరీ ఇవ్వలేకపోతుంది, అంతే.
4. షటర్ వేగం 1/500 సెకను మీద తీసినవన్నీ గాలికి కదిలాయి. 1/1250కి పెంచాక తీసిన ఆఖరి నలభైలో నాలుగు బాగున్నాయి.

ఆ రాత్రి మోనోపాడ్ కీళ్లు విప్పి, మంచి నీళ్లలో నానబెట్టి, పళ్ల బ్రష్‌తో కడిగి, ఆరబెట్టాను. గొట్టాల కీళ్ల మీద తడి అంటని పాత గ్లవ్ వేళ్లు కత్తిరించి తొడుగులా ఎక్కించి, రెండు కొసలా కేబుల్ టై బిగించాను. మళ్లీ కట్టేవాళ్లు తిప్పే కీళ్లు కాకుండా మడత గొళ్లెం ఉన్న మోనోపాడ్ కొనండి, కడగడం తేలిక. గాజు మీద చుక్క పడితే ముందు మంచి నీళ్లు చల్లి, జారిపోనిచ్చి, ఆ తర్వాతే గుడ్డ. దీనికి చిన్న స్ప్రే సీసా జేబులో ఉంచుకున్నాను.

మర్నాడు ఇంకో ల్యాండింగ్ అలల వల్ల రద్దయింది. ఆ రోజు మొత్తం ఓడ బ్రిడ్జి (నడిపే గది) పక్కన నిలబడి, ఏమీ తీయకుండా చూశాను.

లెక్క, 3వ ల్యాండింగ్: 1 గం. 10 ని. తీసినవి 610, ఉంచుకున్నవి 4. ఇప్పటిదాకా 6 గం. 50 ని., 2,342, 22.

దశ 7: గోల్డ్ హార్బర్

తెల్లవారుజామున నాలుగున్నరకి దిగాం. గాలి దాదాపు లేదు, 1 డిగ్రీ. మూడు బ్యాటరీలూ లోపలి జేబులో, కెమెరాలో ఉన్నది 50 శాతానికి రాగానే మార్పు.

ఈసారి తిరగలేదు. పెంగ్విన్లు సముద్రానికి వెళ్లే దారి ఎటో పది నిమిషాలు చూసి, ఆ దారికి పక్కగా 8 మీటర్ల దూరంలో కర్ర నిలిపి ఆగాను. 5 కాకుండా 8 ఎందుకంటే, అవి ఎలాగూ కొంత నా వైపు జరుగుతాయి. జరిగి 5 దగ్గరకి వస్తే నేను వెనక్కి తగ్గక్కర్లేదు, అవి బెదరవు. ఈ డైరీలో ఒక్కటే ఎత్తుకెళ్లాలంటే ఈ మూడు మీటర్లు ఎత్తుకెళ్లండి.

మొదటి పదిహేను నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఏడు పక్షుల వరస వచ్చింది. నీళ్ల అంచున ఆగి, ఒకదాని వీపు వెనక ఒకటి, ఏది ముందు దిగుతుందా అన్నట్టు నిలబడ్డాయి. 32 సెం.మీ. ఎత్తు నుంచి చూస్తే వాటి వెనక బీచ్ కనబడదు, గుంపు కనబడదు, హిమానీనదం మాత్రమే. నిలబడి తీస్తే రాళ్లు, రెట్ట, ఇంకో నలభై తలలు పడేవి.

ఆ తర్వాత ఎలిఫెంట్ సీల్ పిల్ల. నేను కదలకుండా ఉన్న చోటికి 12 మీటర్ల అవతల నుంచి పొట్ట మీద జరుగుతూ, ఆగుతూ, జరుగుతూ వచ్చింది. 6 మీటర్ల దగ్గర ఆగింది. కన్ను నల్లగా, తడిగా, గుండ్రంగా, నా బూట్ల ముందే ఉన్నట్టు అనిపించింది స్క్రీన్‌లో. నేల మీద వీటి కళ్లు కారుతూనే ఉంటాయి. కంటి కింద తడి చార, ఆ చారకి అతుక్కున్న ఇసుక రేణువులు, మీసాల కొసన ఒక్కో నీటి బొట్టు. ఒకసారి తుమ్మింది. ఫోకస్ చతురస్రం కంటి మీదే ఉంది. 200 మి.మీ., ఎఫ్/8, 1/1250, ఐఎస్ఓ 1600.

అది నా వైపు ఇంకో మీటరు జరగగానే కర్ర ఎత్తి, మెల్లగా మూడు అడుగులు వెనక్కి వేశాను. అది అక్కడే గడ్డం రాళ్ల మీద ఆనించి నిద్రపోయింది.

లెక్క, 4వ ల్యాండింగ్: 3 గం. 20 ని. తీసినవి 870, ఉంచుకున్నవి 41. మొత్తం: 10 గం. 10 ని., 3,212 ఫోటోలు, ఉంచుకున్నవి 63.

మిగిలిన పని

1. క్లాంపు మీద పెయింట్ ఒక చోట లేచింది. లోపల తడి చేరకముందే మార్చాలి.
2. స్క్రీన్ నీడకి ఫోమ్ బదులు కడగడానికి వీలయ్యే సన్నటి ప్లాస్టిక్ రేకు మడిచి చూడాలి. ఎండ ఉన్న రోజు ఇంకా పరీక్షించలేదు.
3. 32 సెం.మీ. సీల్ పిల్లకి సరిపోయింది. కింగ్ పెంగ్విన్ కన్ను 80 సెం.మీ. పైన ఉంటుంది, దానికి క్లాంపు ఇంకొంచెం పైకి జరిపి, 60 దగ్గర తెల్ల పెయింట్ గీత ఒకటి గీశాను. ఆ ఎత్తులో తీసినవి పన్నెండే ఉన్నాయి, ఏదీ తేల్చడానికి చాలవు.
4. రబ్బరు పాదం ఆఖరి డిసిన్‌ఫెక్షన్ అయింది. క్లాంపు పళ్ల మధ్య ఒక బూడిద రంగు నూగు పోగు దొరికింది. దాన్ని పట్టకారుతో తీసి, ఓడ సిబ్బంది చెప్పిన సీల్డ్ డబ్బాలో వేశాను.